పథ్యం పేరుతో పస్తు పెట్టకండి



మన అనంతపురం పల్లెల్లో ఒకరికి కేన్సర్ అని తెలియగానే మొదట వినబడే మాట పథ్యం. గుడ్డు వద్దు, పాలు వద్దు, చెనక్కాయలు వద్దని చుట్టాలు తలా ఒకటి మాన్పిస్తారు. చివరకు రోగికి మిగిలేది గంజినీళ్ళు. తిండి ఆపితే గడ్డ మాడిపోదు, మనిషే కరిగిపోతాడు. బాగా చిక్కిపోయినవారు కీమోథెరపీని తట్టుకోలేరు. అప్పుడు డాక్టర్లు మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు, వైద్యమే వాయిదా పడవచ్చు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. వైద్యం ఖర్చుకు ఏదో ఒక దారి దొరికినా, బెంగళూరు కిద్వాయికో, హైదరాబాదు ఎం.ఎన్.జె.కో వెళ్ళి వచ్చాక రోగికి ముద్ద పెట్టవలసింది మనమే.

ఇందుకు ఖరీదైన డబ్బా పొడులు లేకపోయినా ఫరవాలేదు. రాగి జావలో పాలు, బెల్లం కలపండి. షుగరు ఉన్నవారు బెల్లం విషయం డాక్టరును అడగాలి. కొర్రన్నం మెత్తగా వండి పప్పు, చెంచాడు నెయ్యి వేయండి. బాగా ఉడికిన గుడ్డు ఇవ్వండి. వంద గ్రాముల చెనక్కాయ గింజల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వేయించి పొడి చేసి జావలో కలపవచ్చు. అయితే బూజు పట్టినవి, ముడతలు పడినవి ఏరి పారవేయండి. వాన లేని ఏట చేలోనే కాయకు బూజు చేరుతుంది. దాని విషం కాలేయాన్ని పాడుచేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు.

నోరు పూసినప్పుడు కారం, పులుపు మాని చల్లార్చిన జావ, పులవని పెరుగన్నం పెట్టండి. వికారంగా ఉంటే రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా ఇవ్వండి. నీళ్ళు కాచి చల్లార్చి త్రాగించండి. వారానికొకసారి బరువు చూసి వ్రాసిపెట్టి డాక్టరుకు చూపండి. మింగలేకపోతుంటే ఆలస్యం చేయకుండా చెప్పండి.

ఉపవాస ప్రార్థన ఇంటివారు చేయండి, రోగిచేత చేయించకండి. బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లిన ఏలీయాకు దేవదూత మొదట తెచ్చింది రొట్టె, నీళ్ళు. అదీ ఒక్కసారి కాదు, రెండుసార్లు.

కేన్సర్ అంటువ్యాధి కాదు. వేరే కంచం పెట్టి మూలన కూర్చోబెట్టకండి. రోగం ముదిరి ఆకలి పోయినవారిని "తినకపోతే ఎట్లా" అని కసరకండి. ఆ దశలో తినలేకపోవడం రోగ లక్షణమే గాని మొండితనం కాదు. ఈ పూట ఏమి తినాలనుందో అడగండి. రెండు ముద్దలే తిన్నా, ప్రక్కన కూర్చొని మీరూ తినండి.