మూత్రపిండం తొలగించినా ముప్పు తొలగదు

మూత్రపిండ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగి అయిదేళ్లు గడచిన రోగులు కొందరు, స్కానింగులు మానివేసి పునర్నవ, పల్లేరు కషాయాలతో సరిపెట్టుకొనవచ్చునా అని అడుగుతుంటారు. కూడదు. శస్త్రచికిత్సకు పూర్వమే రక్తంలో కలసి వెళ్లిన వ్యాధికణాలు ఊపిరితిత్తులలోనో, ఎముకలలోనో, మెదడులోనో అణగియుండి, పదేళ్ల తరువాత కూడా బయటపడగలవు. అర్బుదంలో దోషం శేషించినచో అది శీఘ్రంగా మరల పుట్టునని సుశ్రుతాచార్యులు చికిత్సాస్థానంలో ఏనాడో హెచ్చరించారు. ఆ శేషాన్ని నాడి పట్టి చెప్పగలనని నేననను. అందుకు స్కానింగే శరణ్యం. దగ్గులో రక్తం పడినా, ఎముకనొప్పి విడువకున్నా, అకారణంగా బరువు తగ్గినా, వాతమని తైలమర్దనంతో కాలయాపన చేయరాదు. ఒక్కచోటనే తలెత్తిన కణితిని కొందరికి మరల కోసి తీయవచ్చును. రసౌషధాలు, పేరు తెలియని చూర్ణాలు మిగిలిన ఆ ఒక్క మూత్రపిండానికి చేటు తేగలవు. అట్టి రోగులను నేను తాజా స్కానింగు కాగితాలు చూడనిదే చికిత్సకు స్వీకరించను.