అట్టపెట్టె మీద ఏం రాసుంది?

అట్టపెట్టెలకు కావలసిన అట్ట తయారయ్యేది మన భద్రాచలానికి అవతలి ఒడ్డున, సారపాకలోనే. అట్ట బాగానే ఉంటుంది. దాని మీద అచ్చువేసేవారే ఒక్కోసారి మన కళ్ళకు పరీక్ష పెడతారు!

బొమ్మ అందంగా ఉందా అని కాదు, చెప్పాల్సింది చెప్పిందా అని చూడండి. ఎర్ర కాగితం మీద బంగారు అక్షరాల శుభలేఖ ఎంత ఘనంగా ఉన్నా, ముహూర్తం ఎన్నింటికో పక్కింటివారిని అడగాల్సివస్తే ఏం లాభం? మాత్రల రేకు మరీ అన్యాయం. మెరిసే రేకు మీద గడువు తేదీని రంగు లేకుండా గుద్దుతారు. ఏటవాలుగా వెలుతురుకు పట్టి చదవండి. మాత్రలు తుంచేటప్పుడు తేదీ ఉన్న వైపు చివరిదాకా ఉంచుకోండి.

తినే వస్తువుల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. రెండూ గుండ్రమే! రంగులు సరిగా కనిపించని వారికి తేడా ఎలా తెలుస్తుంది? అందుకే 2020 నిబంధనల్లో మాంసాహారం గుర్తును త్రికోణంగా మార్చారు. ఆకారం చూస్తే చాలు. ఇదీ తెలివైన దిద్దుబాటంటే.

అసలు భయమంతా పురుగుమందుల దగ్గరే. మిర్చి, పత్తి వేసే మన ఖమ్మం వైపు ఇళ్ళలో ఆ డబ్బాలు ఎక్కడో ఒక మూల ఉంటూనే ఉంటాయి. 1971 నిబంధనల ప్రకారం వాటి మీద మూలకు నిలబెట్టిన చతురస్రం ఉంటుంది. దాని కింది సగంలో ఉన్న రంగే విషం తీవ్రత చెబుతుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఇక్కడే చిక్కుంది చూశారా! బిస్కెట్ల మీద పచ్చరంగు చూసి నిశ్చింతగా తినే పిల్లవాడికి, పురుగుమందు మీద పచ్చరంగు కూడా విషమేనని ఎవరు చెప్పాలి? పైగా కొన్నిటి మీద నిగనిగలాడే మిరపకాయల బొమ్మ ఒకటి! హెచ్చరికేమో చీమ తలంత అక్షరాల్లో.

పిల్లలకీ, చేలో పనికొచ్చే కోయ అమ్మలకీ ఆ చతురస్రాన్ని వేలు పెట్టి చూపించండి. ఏ రంగైనా నోటికి దూరమని చెప్పండి. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలోకి మాత్రం ఒంపనివ్వకండి. ఉన్న ఆ ఒక్క గుర్తూ పాత డబ్బాతోనే పోతుంది.