కెమెరా పట్టిన చెయ్యి

మన బడిలో పై తరగతి పిల్లలు నలుగురు ఒకచోట చేరితే చాలు, ఈ మధ్య జాంబీల కబుర్లే. చచ్చినవాళ్లు లేచి నడుస్తారు, వాళ్లు కరిస్తే బతికున్నవాళ్లూ అలాగే మారిపోతారు, మిగిలిన కొద్దిమంది కుర్రాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతారు. ఇంతే కథ. 2021లో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ తీసి ఈ జాంబీలను మన కర్నూలుకు కూడా రప్పించారు. ఇళ్లలో పెద్దవాళ్లు వీటిని పిచ్చి సినిమాలని విసుక్కుంటారు. నేను మాత్రం విసుక్కోను. ఈ సినిమాల్లో ఒక రకం ఉంది. అది మనందరినీ ఒక మంచి ప్రశ్న అడుగుతుంది. సూరత్‌లో ఉంటున్న మనం ఆ ప్రశ్నను తప్పించుకోలేం.

ఆ రకాన్ని ‘ఫౌండ్ ఫుటేజ్’ అంటారు. అంటే ఎవరో తీయగా, తర్వాత ఇంకెవరికో దొరికిన వీడియో అన్నమాట. సినిమా మొత్తం అందులోని పాత్రలే తమ కెమెరాతో తీసినట్టు ఉంటుంది. బొమ్మ కుదురుగా ఉండదు. పరుగెత్తేవాడి రొప్పు కూడా వినిపిస్తుంది. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. అందులో ముగ్గురు విద్యార్థులు డాక్యుమెంటరీ తీద్దామని అడవిలోకి వెళ్తారు. వాళ్లు తిరిగి రారు, వాళ్లు తీసినది మాత్రం దొరుకుతుంది. 2007లో స్పెయిన్ నుంచి ‘రెక్’ వచ్చింది. ఒక టీవీ విలేకరి, ఆమె కెమెరామన్ బార్సిలోనాలోని ఒక భవనంలో చిక్కుకుపోతారు. లోపల రోగం, బయట అధికారులు మూసేసిన తలుపులు.

అదే 2007లో జార్జ్ రొమెరో ‘డైరీ ఆఫ్ ది డెడ్’ తీశారు. 1968లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీసి, ఇవాళ మీరు మాట్లాడుకునే జాంబీకి ఒక రూపం ఇచ్చింది ఆయనే. ఇవి పెద్దవాళ్ల కోసం తీసినవి, రక్తం ఎక్కువ. మీరు చూడనక్కర్లేదు, కథ నేను చెబుతాను.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సినిమా తీయడం నేర్చుకుంటున్న విద్యార్థులు కొందరు రాత్రిపూట అడవిలో ఒక భయానక చిత్రం తీస్తుంటారు. చచ్చినవాళ్లు లేస్తున్నారని అప్పుడే వార్త వస్తుంది. వాళ్లలో చాలామంది ఒకే బండి ఎక్కి ఇళ్లకు బయలుదేరతారు. వాళ్లలో జేసన్ అనే కుర్రాడు కెమెరా కిందకు దించడు. దారిలో ఒక ఆసుపత్రిలో బ్యాటరీ అయిపోవస్తుంది. మిగతావాళ్లు ఏముందో తెలియని గదుల్లోకి వెళ్తుంటే, అతను ఛార్జింగ్ పెట్టుకుని ప్లగ్గు దగ్గరే ఉండిపోతాడు. చివర్లో తోటి విద్యార్థిని వెనక జాంబీ పడుతుంది. అప్పుడూ అతను తీస్తూనే ఉంటాడు. ఆ అమ్మాయి తన తెగువతో తనే బయటపడుతుంది. ఆ తర్వాత జేసనే బలైపోతాడు. అతను తీసినదంతా కూర్చి, అతని స్నేహితురాలు డెబ్రా సినిమాగా పూర్తి చేస్తుంది. మనుషులు నిజంగా కాపాడదగ్గవాళ్లేనా అన్న ప్రశ్నతో సినిమా ముగుస్తుంది.

జేసన్ చెడ్డవాడు కాదు. టీవీలో వచ్చేది పూర్తి నిజం కాదని, తాను తీసింది చూస్తే నలుగురైనా బతుకుతారని అతని తాపత్రయం. అది మంచిదే. కానీ ఎంతసేపూ కెమెరాలోంచే చూసేవాడికి, ఎదురుగా జరుగుతున్నది తనకు సంబంధించినది కాదనిపిస్తుంది. మనిషి కనబడడు, బొమ్మ కనబడుతుంది. స్నేహితులతో పాటు తనూ ప్రమాదంలో ఉండి కూడా జేసన్ ప్రేక్షకుడైపోయాడు. కళ్లు తెరుచుకుని తిరుగుతూ, ఎదుటివాడి బాధ మాత్రం తగలనివాణ్ణే కదా మనం జాంబీ అంటున్నది!

ఇప్పుడు సూరత్ సంగతికి వద్దాం. మీలో చాలామంది ఈ ఊరికి వచ్చి రెండు మూడేళ్లే అయింది కాబట్టి చెబుతున్నాను. 2019 మే 24 సాయంత్రం సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్ అనే భవనంలో మంటలు లేచాయి. పై అంతస్తులో కోచింగ్ తరగతులు నడుస్తున్నాయి. మెట్ల దారి మంటలతో మూసుకుపోవడంతో పిల్లలు పైనుంచి దూకారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మీ ఈడువాళ్లే. కింద పెద్ద గుంపు చేరింది. ఆ గుంపులో ఎన్నో చేతులు పైకి లేచి ఉన్నాయి. వాటిలో చాలా చేతుల్లో ఉన్నవి ఫోన్లు. అదే గుంపులోంచి ఒక యువకుడు భవనం పైకి ఎక్కాడు, కొందరు పిల్లలు ప్రాణాలతో దిగడానికి సాయపడ్డాడు. విచిత్రం ఏమిటంటే, అతని సాహసం దేశానికి తెలిసింది కూడా కింద నిలబడి ఎవరో తీసిన వీడియో వల్లనే.

ఈ విషయం మీద పదకొండో తరగతి అబ్బాయి ఒకడు నాతో గట్టిగా వాదించాడు. “సార్, అందరూ గోడలెక్కలేరు కదా! ఎవరూ తీయకపోతే అది జరిగిందని ఎవరు నమ్ముతారు?” అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఆ దృశ్యాలను దేశమంతా చూసింది. ఆ తర్వాత గుజరాత్ నగరాల్లో అగ్నిప్రమాద జాగ్రత్తలు సరిచూసేదాకా కోచింగ్ కేంద్రాలు మూయించారు. సాక్ష్యం లేకపోతే తప్పు చేసినవాళ్లు తేలిగ్గా తప్పించుకుంటారు. కాబట్టి వీడియో తీయడమే పాపం అని నేను అనను.

2020 సంగతి తీసుకోండి. లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయి, సూరత్ మరమగ్గాల కార్మికులు ఊళ్లకు పోవడానికి నానా అవస్థలు పడ్డారు. దేశం నలుమూలలా కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచారు. మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు మే 1న మన తెలంగాణలోని లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ రోజుల్లో కూలీలు తమ చిన్న ఫోన్లతో తామే వీడియోలు తీసి పంపుకున్నారు. ‘ఇదిగో, ఇక్కడ ఉన్నాం, తిండి లేదు, బండి లేదు’ అని చెప్పుకోవడానికి. పారిపోతూ తీసుకున్న వీడియోలంటే నిజంగా అవే. వాటిని ఎవరూ వినోదం కోసం తీయలేదు. ఆపదలో ఉన్నవాడు తన గోడు చెప్పుకోవడానికి తీస్తే అది సాక్ష్యం. చెయ్యి అందించగలిగిన దూరంలో ఉండి కూడా అందించకుండా తీస్తే అది తమాషా. ఫోను ఒకటే, తేడా అంతా పట్టుకున్న మనిషిలో ఉంది. సాయం చేయగలిగితే ముందు సాయం, ఆ తర్వాతే కెమెరా. నా అభిప్రాయం ఇదే.

సాయం అంటే గోడ ఎక్కడమే కానక్కర్లేదు. ఆ అబ్బాయికి నేను చెప్పిన జవాబు కూడా ఇదే. వీడియో తీసే ఫోనుతోనే 101కి చేయొచ్చు, 112కి చేయొచ్చు, 108కి చేయొచ్చు. ఈ 108 సేవ 2005లో మన హైదరాబాద్‌లో మొదలై తర్వాత గుజరాత్‌తో సహా ఎన్నో రాష్ట్రాలకు పాకింది. గుంపును పక్కకు జరిపి అంబులెన్సుకు దారి ఇవ్వడం సాయమే. కింద పరుపులో, దుప్పట్లో పట్టుకోవడం సాయమే. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ణి ముట్టుకుంటే పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందని మనవాళ్లకు ఒక భయం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మంచి మనసుతో సాయపడినవాళ్లకు రక్షణ కల్పించే సెక్షన్ చేర్చారు. ఈ మాట ఇంట్లో నాన్నగారికి, అమ్మకు కూడా చెప్పండి.

చేతిలో కెమెరాలు లేని కాలంలోనూ ఈ ఊరు ఒకసారి జాంబీ సినిమాలాగే పరుగెత్తింది. 1994 సెప్టెంబరులో, వానలూ వరదా తగ్గిన కొద్ది రోజులకు, సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న వార్త పాకింది. నాలుగైదు రోజుల్లో లక్షల మంది రైళ్లు, బస్సులు, దొరికిన బండి ఎక్కి వెళ్లిపోయారు. చాలామంది ప్రైవేటు వైద్యులు కూడా ఊరు విడిచారు. సూరత్ నుంచి వచ్చారంటే చాలు, బయటి ఊళ్లలో జనం దూరం జరిగారు. జాంబీ కాటుకు మందు లేదు. ప్లేగుకు మందు ఉంది, టెట్రాసైక్లిన్ బిళ్లలతో తగ్గే రోగం అది. అయినా భయం వచ్చేసరికి మనిషికి మనిషే జాంబీలా కనబడ్డాడు. ఆ రోజుల్లో కూడా న్యూ సివిల్ ఆసుపత్రిలో వైద్యులు, నర్సులు రోగుల పక్కనే ఉండి చికిత్స చేశారు.

ఆ మరుసటి ఏడాది, 1995లో, ఈ నగరపాలక సంస్థకు కమిషనర్‌గా సూర్యదేవర రామచంద్రరావు గారు వచ్చారు. ఇంటిపేరు వింటేనే ఎవరో మీకు అర్థమై ఉంటుంది. ఆయనా మన ఇళ్లవాళ్లలాగే బదిలీ మీద వచ్చినవారే. చెత్త గురించి కాగితాల్లో రాసుకుంటూ కూర్చోకుండా, అధికారులను చల్లటి గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి నడిపించారు. రాత్రిళ్లు కూడా రోడ్లు ఊడ్పించారు. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. రెండేళ్ల క్రితం జనం విడిచి పారిపోయిన ఊరు అది! ఎప్పుడో ఒకరోజు వెళ్లిపోవాల్సిన మనిషే ఈ పని మొదలుపెట్టాడని గుర్తుంచుకోండి.

ఎందుకంటే బదిలీ కుటుంబాల పిల్లలకు ఒక చిక్కు ఉంది. నాకూ ఉంది. ఈ ఉద్యోగంలో నేను ఊళ్లు చాలా మారాను. సామాన్లు పూర్తిగా విప్పకముందే మళ్లీ కట్టడం అలవాటైపోయింది. ఇలా తిరిగేవాళ్లకు ప్రతి ఊరూ కిటికీలోంచి చూసే బొమ్మలా అనిపించడం మొదలవుతుంది. ‘ఎలాగూ పోయేవాళ్లమే, మనకెందుకులే’ అన్న మాట నోటికి వచ్చేస్తుంది. వీడ్కోలు రోజున కూడా చూస్తుంటాను. స్నేహితుడు ఏడుస్తుంటే ఒకరు వీడియో తీస్తుంటారు, ఇంకొకరు వెనక పాట పెడుతుంటారు. వాడి భుజం మీద చెయ్యి వేసేవాళ్లు తక్కువ. ఆరు నెలల తర్వాత ఫోనులో వీడియో ఉంటుంది, వాడి చిరునామా ఉండదు. జేసన్ ప్లగ్గు దగ్గర నిలబడ్డట్టే ఇదీ.

మన బడికి బయట, లింబాయత్, ఉధనా వైపు వెళ్తే తెలుగు వీధులే ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని మీద వచ్చి తరాలుగా స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు అవి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. 1994లో రైలు పెట్టె తలుపు పట్టుకుని ఊరికి పోయినవాళ్లు, ఎటూ పోలేక ఇక్కడే తలుపులేసుకుని కూర్చున్నవాళ్లు, తిరిగి వచ్చి మళ్లీ మగ్గం ఎక్కినవాళ్లు ఆ వీధుల్లో తాతలై, అమ్మమ్మలై ఉంటారు. వాళ్ల చేతుల్లో ఆనాడు ఫోన్లు లేవు. ఆ పరుగంతా వాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. ఇంకొన్నాళ్లు పోతే అదీ ఉండదు.

ఈ సెలవుల్లో మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లి, అలాంటి పెద్దవారు ఒకరితో ఒక గంట కూర్చోండి. ముందు ఫోను సంచిలోనే ఉండనివ్వండి. ‘తాతయ్యా, అప్పుడు మీరు ఎటు వెళ్లారు? ఎవరు సాయపడ్డారు? ఎవరు మొహం తిప్పుకున్నారు?’ అని అడగండి. వాళ్లకు మంచినీళ్లో, మందుబిళ్లో అందించాల్సి వస్తే లేచి అందించండి. తర్వాత వాళ్లు సరేనంటేనే రికార్డు చేయండి, లేదంటే విన్నది ఇంటికొచ్చి మీ మాటల్లో రాయండి. పైన తేదీ, వీధి పేరు తప్పకుండా వేయండి. రాసినవి తెలుగు తరగతిలో నాకు ఇవ్వండి, వచ్చే సంచికలో ఈ పేజీల్లోనే వేద్దాం. అప్పటికి మీలో కొందరికి బదిలీ అయిపోయి ఉండొచ్చు. పరవాలేదు, కొత్త చిరునామా రాసి వెళ్లండి, పత్రిక పోస్టులో పంపుతాను.