పంపు కారితే పోయేది మందొక్కటే కాదు

పురుగుమందుల ధరల మీద మనం ఎన్నో ధర్నాలు చేశాం. ఇంకా చేయాల్సిందే. కానీ కొన్న మందులో పైరుకు చేరేదెంత, కొట్టేవాడి వీపు మీద కారేదెంత అన్న లెక్క మన సమావేశాల్లో రావడం లేదు.

ఆ లెక్క చూద్దాం. కొత్తలో నిమిషానికి 600 మిల్లీలీటర్లు వదిలిన నాజిల్, అరిగాక 750 వదులుతోందనుకోండి. 16 లీటర్ల ట్యాంకులు ఎకరానికి 12 పట్టే చోట 15 పడతాయి. ట్యాంకుకు 100 రూపాయల మందు అనుకున్నా ఒక్క తడవకు 300 రూపాయలు దండగ. మిరపకు పది తడవలు కొడితే 3,000. ట్యాంకు లెక్కన కూలి ఇచ్చే చోట అదీ పెరుగుతుంది. పైగా రంధ్రం పెద్దదైతే చినుకు లావై ఆకు మీద నిలవదు. పురుగు చావలేదని ఇంకో డబ్బా కొంటాం.

కొలగ్లాసు పెట్టి ఒక్క నిమిషం పడితే ఈ సంగతి తేలిపోతుంది. కొత్తదానికంటే పదో వంతు ఎక్కువ వస్తే నాజిల్ మార్చాలి. అడ్డుపడితే నోటితో ఊదొద్దు, పిన్నుతో పొడవొద్దు. నీళ్లు, పాత పళ్ల బ్రష్షు చాలు. బోరు నీళ్లు గుడ్డతో వడకట్టి పోయాలి. పని అయ్యాక ట్యాంకు మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు గన్ గుండా పైరు మీదికే వదలాలి. కుంట దగ్గర, పశువుల తొట్టి దగ్గర పారబోయకూడదు. కలుపుమందుకు వేరే పంపు ఉండాలి. ట్యాంకులో మిగిలిన కాస్త 2,4-డి చాలు, పత్తి, మిరప ఆకులు ముడుచుకుపోవడానికి. చార్జింగ్ పంపును సీజన్ అయ్యాక బ్యాటరీ ఖాళీగా మూలన పడేయకూడదు.

ఇదంతా డబ్బు లెక్క. ప్రాణం లెక్క వేరే ఉంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నోట్లోకి పోనక్కర్లేదు, చర్మం గుండానే ఒంట్లోకి ఇంకుతాయి. వాచర్ అరిగి మూత దగ్గర కారే పంపును పొద్దుటినుంచి వీపున మోసేవాడి చొక్కా సాయంత్రానికి దేంతో తడిసి ఉంటుందో ఆలోచించండి.

మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. ఎండకు భయపడి వేసుకోరని కూలీని తప్పుపట్టడం తేలిక. మన ఎండలో కట్టుకోగలిగిన దుస్తులు ఊళ్లో ఎక్కడ దొరుకుతున్నాయి? సబ్సిడీ మీద స్ప్రేయర్లు ఇచ్చి ఫొటోలు దిగితే సరిపోదు. పది రూపాయల వాచర్ కోసం పని మానుకుని పామూరో, కనిగిరో పోవాల్సి వస్తే, రైతు దారం చుట్టి ఆ పూట గడుపుకుంటాడు.

అందుకే మన డిమాండ్లు ఇవి. ఖరీఫ్‌కు ముందు ప్రతి రైతు సేవా కేంద్రంలో మెకానిక్‌తో స్ప్రేయర్ల మరమ్మతు శిబిరం పెట్టాలి. నాజిళ్లు, వాచర్లు, ఫిల్టర్లు, చేతి తొడుగులు అక్కడే అమ్మాలి. పాస్‌పుస్తకం అడగకుండా కౌలురైతుకూ, మందు కొట్టే కూలీకీ ఇవ్వాలి.

ప్రభుత్వం చేసేదాకా కూర్చోకుండా, ప్రతి గ్రామ కమిటీ ఒక కొలగ్లాసు, ఒక వాచర్ల పెట్టె కొని ఉంచాలి. వచ్చే నెల సమావేశానికి సభ్యులు తమ పంపులు తెచ్చుకోండి. ఎన్ని కారుతున్నాయో లెక్క రాసి, ఆ కాగితంతోనే వ్యవసాయ అధికారి దగ్గరకు పోదాం.