గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

వానాకాలం వెళ్లాక మన జిల్లాలో ఏ పల్లె రోడ్డు చూసినా ఒకటే కథ. నిరుడు వెంట్రుకంత బీట ఉన్న చోట ఈ ఏడు అరచేయంత గుంట. వచ్చే ఏటికి అది ఎడ్లబండి చక్రం దిగేటంత గొయ్యి. అప్పుడు గాని ఎస్టిమేట్లు తయారు కావు. టెండరు పిలుస్తారు. కంట్రాక్టరు వచ్చి పాత రోడ్డు మీదనే కొత్త కంకర పరిచి, తారు పోసి, రోలరు తిప్పించి వెళ్తాడు. కొన్నేళ్లకు మళ్లీ మామూలే.

ఇలా పొర మీద పొర వేసుకుంటూ పోవడం వల్ల ఊరి నడుమ రోడ్డు ఎత్తు పెరిగింది, ఇళ్ల గడపలు పల్లమయ్యాయి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లినవారు ఇప్పుడు రోడ్డు మీంచి మెట్టు దిగి వెళ్తున్నారు. గట్టి వాన కురిస్తే వీధి నీళ్లు నట్టింట్లోకి వస్తున్నాయి. రోడ్డు పడిందని సంతోషించాలో, ఇల్లు మునిగిందని ఏడవాలో తెలియని స్థితి. మరోవైపు ఆ కంకర కోసం ఊరి పక్క గుట్టలు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి.

దీనికి విరుగుడు లేదా? ఉన్నది. ఉన్న రోడ్డును పాడు కాకముందే కాపాడుకోవడం ఒకటి. పాడైన రోడ్డును అక్కడికక్కడే పొడిచేసి, అదే కంకరతో మళ్లీ రోడ్డు వేయడం రెండవది. ఈ రెండు పనులూ చేసే వ్యాపారులు అమెరికా దేశంలో మూడు సంఘాలుగా ఉండి, తర్వాత చేతులు కలిపారు. దూరదేశపు కథ మనకెందుకని కొందరు అనుకోవచ్చు. కాని అందులో మన పల్లెలకు పనికివచ్చే పాఠం ఉంది.

ముందుగా రోడ్డు ఎలా చెడుతుందో తెలుసుకోవాలి. తారు ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి ఎండి, బిగిసి, పెళుసు బారుతుంది. సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలోంచి వాన నీరు కిందికి దిగి పునాదిని మెత్తబరుస్తుంది. ఆపైన బరువు లారీ వెళ్తే పై పొర కుంగి ఊడిపోతుంది. బండి కంటే, ఎండ కంటే నీరే రోడ్డుకు పెద్ద శత్రువు. ఇంజనీర్లు ఈ విషయాన్ని ఒక లెక్కతో చెబుతుంటారు. రోడ్డు ఆయుష్షులో నాలుగింట మూడు వంతులు గడిచేసరికి దాని నాణ్యత నూటికి 40 వంతులు తగ్గుతుంది. ఆ తర్వాత ఆయుష్షులో నూటికి 12 వంతుల కాలంలోనే మరో 40 వంతులు పోతుంది. అంటే ఇరవై ఏళ్ల రోడ్డు పదిహేనేళ్లపాటు మెల్లగా చెడి, ఆపైన రెండున్నర ఏళ్లలోపే కూలబడుతుందన్న మాట. అన్ని రోడ్లూ ఇదే లెక్క ప్రకారం నడవవు గాని, తీరు మాత్రం ఇదే. ఆ కూలబడే ఘడియకు ముందే చెయ్యి వేస్తే తక్కువ ఖర్చుతో పోతుంది. తర్వాతైతే అసలుకే మోసం.

ఇక అమెరికా సంగతి. అక్కడ 1956లో చేసిన చట్టంతో పెద్ద రహదారుల నిర్మాణం ముమ్మరమైంది. పదిహేను ఇరవై ఏళ్లకు అవి పాతబడసాగాయి. సరిగ్గా అప్పుడే, 1973లో, ప్రపంచమంతటా చమురు ధరలు మండిపోయాయి. తారు కూడా ముడి చమురు నుంచి వచ్చేదే కనుక దాని ధరా పెరిగింది. పాత రోడ్డులోని తారునూ కంకరనూ పారవేయడం ఎందుకు, మళ్లీ వాడుకోరాదా అన్న ఆలోచన ఆ రోజుల్లోనే బలపడింది.

ఆ రంగంలో మూడు వ్యాపార సంఘాలు వచ్చాయి. మొదటిది 1963లో ఏర్పడిన స్లర్రీ సర్ఫేసింగ్ సంఘం. సన్న కంకర, తారు ద్రవం, నీరు కలిపిన చిక్కని ముద్దను రోడ్డు మీద పలుచగా పరిచేవారిది. మన ఆడవారు మట్టి నేలను పేడతో అలికినట్టే ఇదీను. నేల పగుళ్లు పూడి, దుమ్ము లేవకుండా ఎలా ఉంటుందో రోడ్డూ అలాగే మూతపడి నీటిని లోపలికి దిగనివ్వదు. రెండవది 1973లో ఏర్పడిన తారు ఎమల్షన్ తయారీదారుల సంఘం. ఎమల్షన్ అంటే పాలలో వెన్న కలిసి ఉన్నట్టు నీటిలో తారు రేణువులు కలిసి ఉండే ద్రవం. చూడడానికి గోధుమ రంగు. రోడ్డు మీద పోశాక నీరు విడిపోయి తారు మిగిలి నల్లబడుతుంది. మామూలు తారు కంకరను సుమారు 150 డిగ్రీల దాకా కాచి వేయాలి. దీనికి అంత మంట అవసరం లేదు. కట్టెలూ డీజిలూ ఆదా, కూలివారి ఒళ్లు కాలే బాధా తక్కువ. మూడవది 1976లో ఏర్పడిన తారు రోడ్ల పునర్వినియోగ సంఘం. పాత రోడ్డును యంత్రంతో చెక్కడం, చెక్కిన కంకరను అక్కడే కలిపి పరచడం, అవసరమైతే పునాది దాకా మొత్తం పొడిచేసి సిమెంటో సున్నమో ఎమల్షనో కలిపి మళ్లీ దిమ్మిస చేయడం వీరి పని.

ఎవరి సరుకు వారు గొప్పదని చెప్పుకోవడం వ్యాపార లక్షణం. కషాయం అమ్మేవాడి దగ్గరికి పోతే కషాయమే మంచిదంటాడు, సూది వేసేవాడి దగ్గరికి పోతే సూదే మంచిదంటాడు. మధ్యలో నలిగేది రోగి. రోడ్ల విషయంలో ఆ రోగి ఎవరంటే, డబ్బు తక్కువా రోడ్లు ఎక్కువా ఉన్న చిన్న పట్టణం, చిన్న తాలూకా. అయితే ఈ ముగ్గురి పనీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంది. స్లర్రీ వేసేవాడికీ, పాత రోడ్డును తిరిగి వేసేవాడికీ ఎమల్షన్ కావాలి. ఎమల్షన్ చేసేవాడికి వీరిద్దరూ కొనుగోలుదారులు. పైగా బలహీనపడిన రోడ్డు మీద స్లర్రీ వేస్తే అది నిలవదు, స్లర్రీ వారికే చెడ్డపేరు. బాగున్న రోడ్డును పొడి చేస్తే అనవసరపు ఖర్చు, పునర్వినియోగం వారికి చెడ్డపేరు. ఈ తెలివి వచ్చాక మూడు సంఘాలూ ఒక కూటమిగా ఏర్పడ్డాయి. దాని పేరు పేవ్‌మెంట్ ప్రిజర్వేషన్ అండ్ రీసైక్లింగ్ అలయన్స్. రోడ్ల సంరక్షణ, పునర్వినియోగ కూటమి అని చెప్పుకోవచ్చు.

వీరు ఒకే చోట కూడి సమావేశాలు జరుపుకుంటారు. ఏ స్థితిలో ఉన్న రోడ్డుకు ఏ చికిత్స తగును, ఏది తగదు అన్న సంగతిని మూడు రకాల పనులకూ కలిపి ఇంజనీర్లకు తెలియజేస్తారు. సరైన రోడ్డుకు సరైన సమయంలో సరైన చికిత్స అన్నది ఆ రంగంలో అందరి నోటా వినిపించే మాట. ఇందులోని గొప్ప అంతా "ఏది తగదు" అన్న మాటలోనే ఉంది. నా సరుకు ఈ రోడ్డుకు పనికిరాదు, పక్కవాడి దగ్గరికి పో అని వ్యాపారి చెప్పగలిగిన రోజునే కొనేవాడు అతడిని నమ్ముతాడు.

ఇది దానధర్మం కాదు. వారు లాభం కోసమే కలిశారు. రోడ్డు చికిత్సల మీద నమ్మకం పెరిగితే ముగ్గురికీ పని పెరుగుతుంది. అయినా జనానికి మేలు జరిగే లాభాన్ని తప్పుపట్టనవసరం లేదు. అంతేకాదు, ఆ దేశంలో 1890 నుంచి ఉన్న షెర్మన్ చట్టం ప్రకారం వ్యాపారులు కూడబలుక్కుని ధరలు నిర్ణయించడం నేరం. కాబట్టి వారు కలవగలిగేది పనితనంలో, ప్రమాణాల్లో, శిక్షణలో మాత్రమే.

మన దగ్గర కంట్రాక్టర్ల ఐకమత్యం అనగానే జనానికి గుర్తుకు వచ్చేది "రింగు". ఈ పని నీకు, ఆ పని నాకు అని టెండరుకు ముందే పంచుకోవడం. మన దేశంలోనూ 2002 నాటి పోటీ చట్టం దీన్ని నిషేధించింది. చట్టం పుస్తకంలో ఉంది, రింగు మాట జనం నోట ఇంకా ఉంది. కంట్రాక్టర్లంతా అలాంటి వారని మేము అనడం లేదు. బిల్లుల కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే చిన్న కంట్రాక్టర్లు ఉన్నారు. కాని వారి సంఘాలు బిల్లుల కోసం చేసే ధర్నాతో పాటు, మంచి పని ఎలా చేయాలో తమ మేస్త్రీలకు నేర్పే తరగతులు కూడా పెట్టుకుంటే ఊళ్లలో వారి గౌరవం పెరుగుతుంది.

ఇదంతా అమెరికాకే చెల్లుతుందని అనడానికి వీలు లేదు. 1934లో ఏర్పడిన మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తారు రోడ్ల పునర్వినియోగానికి 2015లోనే పద్ధతులు నిర్ణయించి ప్రచురించింది. ఉత్తరప్రదేశ్‌లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశ కింద పల్లె రోడ్లను పునాది దాకా పొడి చేసి, సిమెంటు కలిపి తిరిగి వేశారు. ఆ పథకం 2000 డిసెంబరు 25న మొదలైంది. దాని కింద వేసిన రోడ్డును అయిదేళ్ల పాటు కంట్రాక్టరే మరమ్మతు చేయాలన్న నిబంధన ఉంది. అమెరికాలో 2021లో 9 కోట్ల టన్నులకు పైగా పాత తారు కంకరను కొత్త రోడ్లలో తిరిగి వాడారు. మన దేశం తనకు కావలసిన తారులో పెద్ద భాగాన్ని ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నది. కాబట్టి పాత రోడ్డు మనకు చెత్త కాదు, నేల మీద పరచి ఉంచిన సొమ్ము.

ఇబ్బందులు లేవని కాదు. రోడ్డును పొడి చేసే యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. రెండు కిలోమీటర్ల పల్లె రోడ్డు కోసం అది రాదు. కోత మిషను ఒక్క ఎకరం కోసం ఊళ్లోకి వస్తుందా? నాలుగు ఊళ్ల చేలు కోతకు వస్తేనే వస్తుంది. అలాగే ఒక మండలంలోనో, రెండు మూడు మండలాల్లోనో ఉన్న పనులను కలిపి ఒకే టెండరుగా పిలిస్తే యంత్రమూ వస్తుంది, కిలోమీటరుకు ఖర్చూ తగ్గుతుంది. ఎమల్షన్ పని వానలో సాగదు. కనుక ఎస్టిమేట్లు వేసవికి ముందే మంజూరు కావాలి. మార్చి నెలాఖరున నిధులు మురిగిపోతాయని హడావిడిగా చేసే పని ఏదీ నిలవదు.

సహకారం వ్యాపారులకే కాదు, మన ఆఫీసులకూ కావాలి. ఒక శాఖ రోడ్డు వేస్తుంది. నెల తిరక్కుండానే మరో శాఖ మంచినీటి గొట్టాల కోసం దాన్ని అడ్డంగా తవ్వుతుంది. ఆ తర్వాత కేబుల్ వారి వంతు. తవ్విన చోట మట్టి కప్పి వెళ్లిపోతారు, మొదటి వానకే అది కాలువ అవుతుంది. ఎవరి పని వారు సక్రమంగానే చేశామంటారు. కాని రోడ్డు మాత్రం మిగలదు. రోడ్డు వేయడానికి ముందు అన్ని శాఖలవారూ ఒక్క పూట ఒక్క చోట కూర్చుని, తవ్వేవారు ముందు తవ్వండి, వేసేవారు తర్వాత వేయండి అని అనుకుంటే ప్రభుత్వానికి కాణీ ఖర్చు లేదు.

మన గ్రామస్థుల బాధ్యత కూడా చెప్పుకోవాలి. దమ్ము చేసిన ట్రాక్టరును ఇనుప చక్రాలతోనే తారు రోడ్డు ఎక్కించడం మనం చేస్తున్న పనే. ఆ చక్రాలు ఒక్కసారి నడిస్తే చాలు, పై పొర చీరుకుపోతుంది. సైడు కాలువ మూసి అరుగు కట్టుకోవడం, వాడిన నీళ్లు రోడ్డు మీదికి వదలడం మనం చేస్తున్న పనే. నీరే రోడ్డుకు శత్రువని పైన చెప్పుకున్నాం. కాలువ పూడిక తీసుకోవడానికి అమెరికా యంత్రాలు అక్కర్లేదు. పార, తట్ట, ఒక్క ఆదివారం చాలు.

సంబంధిత అధికారులను మేము కోరేది మూడు విషయాలు. మొదటిది, మండలంలోని ప్రతి రోడ్డునూ ఏటా వానలకు ముందూ తర్వాతా చూసి, ఏది బాగుంది, ఏది బీటలు వారింది, ఏది కూలింది అని మూడు జాబితాలుగా రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. రెండవది, నిధుల్లో కొంత భాగం బీటలు వారిన రోడ్లకే ప్రత్యేకించాలి. పూర్తిగా కూలిన రోడ్లకే అంతా పోస్తే, ఈనాటి బీటలు రేపటి గోతులవుతాయి. అలాగని పునాది పోయిన రోడ్డు మీద పలుచని అలుకు వేసి బిల్లు చేసుకోవడాన్ని కూడా అరికట్టాలి. అది పుండు మీద పౌడరు చల్లడం వంటిది. మూడవది, ఊరి నడుమ వీధుల్లో పాత పొరను చెక్కకుండా కొత్త పొర వేయరాదు. ప్రజల గడపలు ఇక పల్లం కారాదు.

సొంత లాభం చూసుకునే వ్యాపారులే కలిసి కూర్చుని, ఏ రోడ్డుకు ఏది మేలో మాట్లాడుకోగలిగారు. ప్రజాసేవ కోసమే ఉన్న శాఖలు, ప్రజల ఓట్లతో నెగ్గిన నాయకులు, ఆ రోడ్డు మీద రోజూ నడిచే మనం, ఆ మాత్రం చేయలేమా? నిరుడు వెంట్రుకంత బీట ఈ ఏడు గుంట అయింది. ఈ ఏడు కనిపిస్తున్న బీటలనైనా వచ్చే వానలలోగా పూడిస్తారని ఆశిద్దాం.