బంటేగా అనకండి!

"బంటేగా, పోతే పోయింది!" చదరంగం ఆడే ఇళ్ళలో రోజుకి పదిసార్లు వినబడే మాట ఇది. మనిషిని చులకన చెయ్యాలన్నా "వాడొట్టి పావు" అంటాం. ఇంటి చాకిరీ అంతా చేసి, "నువ్వేం చేశావు?" అనిపించుకున్న వాళ్ళకి నా మంట అర్థమవుతుంది. ఇలా అనే వాళ్ళని ఒక్కసారి ఆరు పలకల గళ్ళ చదరంగం ముందు కూర్చోబెట్టాలి.

పోలెండు దేశస్థుడు గ్లిన్‌స్కీ 1936లో కల్పించిన ఆట అది. తేనెపట్టులా 91 గళ్ళు, మూడు రంగులు. ఒక్కొక్కరికి శకట్లు మూడు, బంట్లు తొమ్మిది. "చదరాలు లేనిది చదరంగమేమిటండీ?" అని మూతి విరిచే పెద్దలున్నారు. అయ్యా, ఆ పేరు చతురంగం నుంచి వచ్చింది. నాలుగు అంగాల సేన అని అర్థంగాని, నాలుగు మూలల గడి అని కాదు!

ఇందులో బంటు ఎదురుగా నడుస్తుంది. చంపడం మాత్రం ముందువైపు అటూ ఇటూ ఆనుకుని ఉన్న గళ్ళలో. మొదట్లోనే తొమ్మిదీ పెంకుటింటి కప్పులా నిలబడతాయి. కొసల రెండూ తప్ప ప్రతిదానికీ పక్క బంటు కాపు. మామూలు ఆటలో ఇలాంటి వరసంతా ఒకే రంగు మీద ఉండి, ఆ రంగు మీద తిరిగే మన శకటుకే అడ్డం పడుతుంది. ఇక్కడ వరస మూడు రంగుల్నీ వంతులవారీగా తొక్కుతుంది. పాత పాఠం చెల్లదు.

"చంపితే నడిమికే చంపు" అన్నది ఇంకో పాత పాఠం. చూడండి: నడిమి వరసలో 11 గళ్ళు, దాని పక్కన 10, ఆ పక్కన 9. పది గళ్ళ వరసలో నాలుగో గడి బంటుకి ఇంకా ఆరడుగులుంది. నడిమికి చంపితే అయిదో గడిలో పడుతుంది, అయినా మిగిలేవి ఆరే! బయటికి చంపితే అయిదే. నడుమ బలం కావాలా, మంత్రి కావడానికి దగ్గర దారి కావాలా? ఆ బేరం మంత్రిది కాదు, బంటుది.

1978-79లో మెకూయీ, హనీకట్ అనే ఇద్దరు ఈ ఆటని "దిద్దారు". బంట్లని ఏడు చేసి, మోహరింపు మార్చి, చంపే దారిని శకటు దారిలో పెట్టారు. దాంతో బంట్ల వరస మళ్ళీ ఒకే రంగు మీదికొచ్చింది. పాత అలవాటు మీద మమకారం తప్ప నాకిందులో ఏ లాభమూ కనబడలేదు. అన్నట్టు, మంత్రి నడక జోలికి మాత్రం వాళ్ళు పోనేలేదు!