పుష్పగణనము - త్వగింద్రియము - మనస్సు

అష్టావధానమునందలి ఎనిమిది అంశములును అన్ని సభలలో ఒక్కటే కావు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన మొదలగునవి తరచుగా కానవచ్చును. పుష్పగణనము మాత్రము ఒకచోట నుండును, మరియొకచోట నుండదు. అవధాని పద్యపాదమును కూర్చుచుండగా ఒకరు వెనుక నిలిచి ఆయన వీపుపై అప్పుడప్పుడు ఒక్కొక్క పూవును విసరుదురు. సభాంతమున ఆ పూల సంఖ్యను అవధాని చెప్పవలెను. ఇది సాహిత్యాంశము కాదు గనుక వినోదమాత్రమని భావించి, దీనిని విడిచి మరియొక పద్యాంశమును చేర్చుకొను సభలు కలవు. ఈ విడిచిపెట్టుట సమంజసము కాదు. అవధానమున చర్మము ద్వారమున మనస్సును పరీక్షించు అంశము ఇదియే. అంతకుమించి, ప్రాచ్య కళాశాలలలో పాఠ్యమైన న్యాయశాస్త్రము లేవనెత్తిన ఒక ప్రశ్నకు ఇది చక్కని పరీక్షాస్థలము.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున త్వగింద్రియము సర్వశరీరవర్తి యనియు, మనస్సు పరమాణురూపమనియు చెప్పెను. ఈ రెండు మాటలను వేరువేరుగ వల్లించుటయే గాని కలిపి ఆలోచించుట అరుదు. స్పర్శేంద్రియము ఆపాదమస్తకము వ్యాపించినది. దానితో కూడవలసిన మనస్సో అణువు. ఒకేసారి అనేక జ్ఞానములు పుట్టకుండుటయే అణువైన మనస్సునకు గుర్తని గౌతముని మతము. దీర్ఘశష్కులిని తినువానికి రూపము, రసము, గంధము, స్పర్శము, శబ్దము ఒక్కసారే తెలియుచున్నవి కదా యని ఆక్షేపము. నూరు తామరరేకులను సూది వరుసగా గ్రుచ్చుచున్నను ఒక్క పోటుగా తోచినట్లు, మనస్సుయొక్క వేగముచేత క్రమము మరుగుపడుచున్నదని సమాధానము.

17వ శతాబ్దికి చెందిన విశ్వనాథ పంచాననుడు ఇంకను ముందునకు పోయెను. జ్ఞానమాత్రమునకు త్వఙ్మనస్సంయోగము కారణమని కారికావళిలో చెప్పెను. సుషుప్తియందు మనస్సు త్వక్కును విడిచి పురీతత్తును చేరును గనుక అప్పుడు జ్ఞానము లేదు. ఇందు ఒక చిక్కు కలదు. కన్నులతో చూచునప్పుడును మనస్సు త్వక్కుతో కూడియే యున్నచో, కట్టిన వస్త్రముయొక్క స్పర్శ కూడ అప్పుడే ఏల తెలియదు? ముక్తావళి ఈ ప్రశ్నను దాటవేయలేదు. చాక్షుషజ్ఞానమునకు వలయు సామగ్రి స్పార్శనజ్ఞానమునకు ప్రతిబంధకమగునని కొందరి సమాధానమును పేర్కొనెను. నేటి మనశ్శాస్త్రము అవధానమని వ్యవహరించు సమస్య ఇదియే.

ఇంగ్లండున డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ 1958లో ప్రకటించిన గ్రంథమున, ఇంద్రియములనుండి వచ్చు సమాచారము ఒకే ఇరుకు మార్గమున పోవుననియు, దానిముందు ఒక వడపోత యుండుననియు ప్రతిపాదించెను. ఆన్ ట్రైజ్మన్ 1964లో దానిని సవరించి, విడిచిన సమాచారము పూర్తిగా తెగిపోదనియు, బలము తగ్గి లోనికి వచ్చుననియు చెప్పెను. ఈ పోలికను చూచి అణుమనస్సే వడపోత యని తేల్చుట తొందరపాటు. మనస్సు ద్రవ్యము, వడపోత యొక వ్యాపారవర్ణనము. ప్రశ్న ఒక్కటియైనంత మాత్రమున సమాధానములు ఒక్కటి కావు.

చర్మమును గూర్చి నేడు తెలిసినదియు అల్పము కాదు. వేబర్ 1834లో వివరించిన రెండు మొనల పరీక్షచేత, వ్రేలికొనపై 2, 3 మిల్లీమీటర్ల ఎడమున్నను రెండు స్పర్శలు వేరుగ తెలియుననియు, వీపుపై సుమారు 40 మిల్లీమీటర్ల ఎడము కావలెననియు తేలినది. తాకిడిని నాడీసంకేతముగ మార్చు పియెజో-2 అను మాంసకృత్తును ఆర్డెమ్ పటపూటియన్ బృందము 2010లో గుర్తించినది. ఉష్ణస్పర్శను పరిశోధించిన డేవిడ్ జూలియస్‌తో కలిసి ఆయన 2021లో నోబెల్ బహుమతి నందెను. దీనినిబట్టి అవధానికి సభ యిచ్చిన స్థలము శరీరమున మందమైన వానిలో ఒకటి యని స్పష్టము. పూవు తేలిక. చర్మము దానిని గ్రహించినను, ఆ క్షణమున మనస్సు యతిప్రాసలలో నున్నది. అయినను లెక్క తప్పదు. మనస్సు వేగముగ వచ్చి పోయినదా? లేక స్పర్శ ఒక సంస్కారమును విడువగా మనస్సు దానిని తరువాత అందుకొన్నదా? శాస్త్రమున రెండింటికిని తావు కలదు. ఏది నిజమో ఊహచేత తేలదు.

అభ్యాసమే దీనికి సమాధానమని కొందరందురు. ఉత్తరాంధ్రమున అభ్యాసబలమునకు నిదర్శనములు లేకపోలేదు. అజ్జాడలో 1864లో జన్మించి, 1919లో ఏర్పడిన విజయనగర సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సులతో ఐదు తాళములను ఏకకాలమున చూపిన ఖ్యాతి గలవారు. ఎచ్చెర్లకు సమీపమున పొందూరులో వాలుగచేప దవడతో ప్రత్తిని శుభ్రపరచి సన్నని నూలు వడకు స్త్రీల చేతులును అట్టివే. అయితే తాళమునకు ఆవృత్తి కలదు. రాట్నమునకు లయ కలదు. ఆవృత్తి గలదానిని శరీరము అలవాటుగ నిర్వహింపగలదు. పూవు ఎప్పుడు పడునో తెలియదు. అలవాటు ముందుగ సిద్ధపడుటకు అందు అవకాశము లేదు. కావున పుష్పగణనము అవధానమునకు మరింత శుద్ధమైన పరీక్ష.

ఋషులు సర్వము ఎరిగియుండిరి గనుక పరీక్ష అనావశ్యకమనువారు ఒకవైపు, ఇది గారడీ యనువారు మరొకవైపు కలరు. ఇరువురును ముక్తావళికారుని మార్గమునకు దూరమైనవారే. ఆయన తన సిద్ధాంతముపై తానే ఆక్షేపము తెచ్చి పరీక్షించుకొనెను. ప్రాచ్య కళాశాలలు ఈ పనికి పెద్ద పరికరములను కోరనక్కరలేదు. పూవు పడిన వేళ, అప్పుడు అవధాని పద్యము చెప్పుచున్నాడా, పృచ్ఛకుని మాట వినుచున్నాడా, చివరి లెక్కలో వచ్చిన భేదమెంత అను విషయములను ప్రతి సభయందును వ్రాసి ఉంచిన చాలును. చూచునప్పుడు, వినునప్పుడు, పలుకునప్పుడు స్పర్శజ్ఞానమునకు కలుగు ప్రతిబంధకము సమానమా కాదా యను ప్రశ్నకు అందుండి కొంత వెలుగు రాగలదు. అవధాన విద్యార్థులను, అభ్యాసము లేనివారిని ఒకే రీతిని పరీక్షించి పోల్చిన మరింత స్పష్టత కలుగును. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము, విజయనగరమువంటి సంస్కృతాధ్యయన కేంద్రములు ఈ పనిలో చేయికలుపవచ్చును.

తర్కపాఠము వల్లెవేతగ మిగులుటకు విద్యార్థుల అశ్రద్ధ ఒక్కటే కారణము కాదు. లక్షణవాక్యమునకు లక్ష్యమును ఎదుట చూపని బోధనయు కారణమే. త్వగింద్రియప్రకరణమునకు లక్ష్యము తెలుగువారి సభలోనే యున్నది. దానిని వినోదమని తొలగించినచో శాస్త్రమునకును, అవధానమునకును నష్టమే.